మందు చవక, విశ్రాంతి ప్రియం

"ఒత్తిడిని జయించడం ఎలా?" అనే పేరుతో మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు తమ ఉద్యోగినులకు ఏర్పాటు చేసే ఉపన్యాసాలు గత ఐదారేళ్లలో చాలా విన్నాను. శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు, ఆకుకూరలు తినమంటారు, పడుకునే ముందు ఫోను పక్కన పెట్టమంటారు. ఆ ఫోనుకే రాత్రి పదకొండింటికి అమెరికా నుంచి కాల్ వస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇవి పనికిమాలిన సలహాలని నేననను. జబ్బుపడిన మనిషి పని ఎలా చెయ్యాలన్న ప్రశ్నని ఆ మనిషి మనోబలానికి సంబంధించిన ప్రశ్నగా ఇవి మార్చేస్తాయి. యజమానికి, చట్టానికి, ఇంట్లోవాళ్లకి అందులో బాధ్యత లేకుండా పోతుంది. అసలు అభ్యంతరం అక్కడ. హెపటైటిస్ సి చికిత్స ఆఖరి వారాల్లో ఉన్న స్త్రీలతో మాట్లాడితే ఈ మార్పిడి ఎంత పకడ్బందీగా జరుగుతుందో తెలుస్తుంది.

ఈ జబ్బు గురించి మన స్త్రీల పత్రికల్లో రాసింది చాలా తక్కువ. వైరస్‌ని గుర్తించింది 1989లో. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో. ఆ మధ్యకాలంలోనూ, అంతకుముందూ కాన్పుల్లో, గర్భసంచి ఆపరేషన్లలో రక్తం ఎక్కించుకున్న స్త్రీలెందరో లెక్క తీసినవాళ్లు లేరు. ఇది ప్రత్యేకించి స్త్రీల జబ్బు కాదు. కానీ అది మన శరీరాల్లోకి వచ్చిన దారుల్లో ఒకటి ప్రసూతి వార్డు. నాకూ ఆ దారినే వచ్చి ఉంటుందని డాక్టరు అంచనా. 2000లో కాన్పప్పుడు నాకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇరవై ఏళ్లు దాటాక, వేరే దేనికో చేయించుకున్న పరీక్షలో బయటపడింది. పన్నెండు వారాలు మాత్రలు మింగాను, తగ్గింది. కాబట్టి ఇక్కడ రాసేది పరిశోధకురాలిగానే కాదు, ఆ మాత్రలు మింగినదానిగా కూడా.

మందు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మన ఊరికి పాత్ర ఉంది. పదిహేనేళ్ల కిందటి వరకు దీనికి ఇంటర్ఫెరాన్ సూదులే గతి. వారానికొకటి చొప్పున ఆరు నెలలు, కొందరికి ఏడాది. జ్వరం, ఒళ్లునొప్పులు, చచ్చిపోదామనిపించేంత దిగులు. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ మాత్ర వచ్చింది. ఒక్కొక్కటి వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల చికిత్సకి 84,000 డాలర్లు. ఆ పేటెంట్‌ని సవాలు చేసినవాళ్లలో హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఒకటి. 2015 జనవరిలో మన పేటెంటు కార్యాలయం ఒక దరఖాస్తుని తిరస్కరించింది. ఆ తర్వాత నాట్కో కూడా లైసెన్సు ఒప్పందం చేసుకుని, అదే మార్చిలో నెలకి సరిపడా 28 మాత్రల సీసాని 19,900 రూపాయల ధరతో మార్కెట్లోకి తెచ్చింది. హెటిరో కూడా తయారుచేసింది. తర్వాత ధర ఇంకా పడింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందు ఉచితం. నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. ఇది చిన్న విజయం కాదు. పేటెంట్ల మీద ప్రపంచవ్యాప్తంగా రోగుల సంఘాలు చేసిన పోరాటం దీని వెనక ఉంది.

మరి ఆ మాత్ర మింగే మనిషికి కావలసిన విశ్రాంతి సంగతి? అది ఏ ఫ్యాక్టరీలోనూ తయారుకాదు.

"ఇప్పటి మందులకి దుష్ప్రభావాలు తక్కువ కదా, ఇంకా ఎందుకీ గోల?" అని ఒక హెచ్చార్ అధికారిణి నన్నడిగింది. తక్కువే. కొందరికి ఏమీ అనిపించదు కూడా. కానీ తలనొప్పి, నిద్రలేమి, దేన్నీ పట్టుకోబుద్ధి కానంత అలసట అనుభవించేవాళ్లూ ఉన్నారు. రిబావిరిన్ కూడా కలిపితే రక్తహీనత వస్తుంది, అసలే రక్తం తక్కువగా ఉండే మన ఆడవాళ్లకి అది మామూలు విషయం కాదు. నాతో మాట్లాడినవాళ్లలో చాలామంది మొదటి నెల కన్నా తొమ్మిదో వారం తర్వాత ఎక్కువ ఇబ్బందిపడ్డారు. మందు మారలేదు, మారింది వాళ్ల చేతిలో ఉన్న సెలవులు. మొదట్లో అందరూ సర్దుకుంటారు. భర్త రెండు వారాలు టీ పెడతాడు, టీంలో ఎవరో ఒకరు పని పంచుకుంటారు. "ఇంకెంత, మూడు వారాలేగా" అన్న మాట మొదలయ్యాక సాయం ఆగిపోతుంది. అయిపోవచ్చింది అన్నది రోగికి ధైర్యం. చుట్టూ ఉన్నవాళ్లకి మాత్రం అది పాత లెక్కకి తిరిగిపోవడానికి అనుమతి.

రాయదుర్గంలోని ఒక అద్దాల భవనంలో ఊడ్చి తుడిచే ఒకావిడ అన్నది: "మందు తినంగ నీరసమైతది మేడం. జర కూసుందామంటె కుర్సీ లేదు. గంటకోపారి బాత్రూం తలుపుకాడ కాయితం మీద సంతకం పెట్టాలె." దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. కుర్చీ కోసం చట్టం కావలసి రావడం గురించి మనం సిగ్గుపడాలో, కనీసం అదైనా వచ్చినందుకు సంతోషించాలో నాకు తెలీదు.

అదే భవనంలో తొమ్మిదో అంతస్తులో టీం లీడరుగా పనిచేసే అమ్మాయి మాత్రలని విటమిన్ డబ్బాలో పోసుకుని వచ్చేది. ఎందుకంటే లివరు జబ్బంటే మనవాళ్లకి మొదట గుర్తొచ్చేది తాగుడు. మగవాడికైతే జాలి, ఆడదానికైతే ఆరా. ఇంట్లో అత్తగారు కంచం, గ్లాసు వేరు చేసింది. కలిసి తింటే, తాకితే ఇది రాదు, రక్తం ద్వారా వస్తుందని డాక్టరు చేత చెప్పించినా ఫలితం లేదు. చికిత్స జరిగినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోమంటారు, రిబావిరిన్ వాడితే ఆపాక కూడా కనీసం ఆరు నెలలు. పెళ్లయి రెండేళ్లయిన ఆ అమ్మాయి ఈ మాట ఇంట్లో చెప్పలేకపోయింది. ఆఫీసులో చెప్తే అప్రైజల్లో రేటింగ్ పోతుందని, బెంచి మీద వేస్తారని భయం. రెండుచోట్లా దాచడం కూడా ఒక పనే. ఆ పనికి జీతం లేదు, సెలవూ లేదు.

సెలవుల విషయంలో చట్టం ఏమంటోంది? దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవిచ్చింది. చికిత్స 84 రోజులు. కంపెనీలు గొప్పగా చెప్పుకునే ఆరోగ్య బీమా సాధారణంగా ఆసుపత్రిలో పడుకుంటేనే వర్తిస్తుంది. ఇంట్లో మింగే మాత్రకి, ఓపీలో చేయించుకునే పరీక్షకి రూపాయి రాదు. ఊడ్చే ఆవిడ పరిస్థితి కాగితం మీద ఇంతకన్నా నయం. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ కింద ఏడాదికి 91 రోజులు, 70 శాతం వేతనంతో. 84 రోజులకి 91 సరిపోతుంది కదా! కానీ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆవిడ నంబరు, చందా గందరగోళంలో పడతాయి. పైగా ముప్ఫై శాతం జీతం తగ్గితే గది అద్దె ఎలా కట్టాలి? హక్కు ఉన్న మనిషికి దాన్ని వాడుకునే స్తోమత లేదు. స్తోమత ఉన్న మనిషికి హక్కు లేదు. వీళ్లిద్దరూ ఒకే లిఫ్టు దగ్గర ఎదురుపడతారు, మాట్లాడుకోరు.

ఎయిడ్స్ ఉద్యమం 2017లో ఒక చట్టం సాధించుకుంది. 2018 సెప్టెంబరు నుంచి హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం ఇవ్వకపోవడం, తీసెయ్యడం నేరుగా చట్టవిరుద్ధం. హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. బి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి, కొందరు జీవితాంతం మందు వాడాలి. ఆఖరి వారం అన్నదే వాళ్లకి లేదు.

మన ప్రభుత్వాల ధోరణి ఎటుందో చూడండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఎవరు అధికారంలో ఉన్నా ఈ ప్రాంతానికి కార్మిక చట్టాల నుంచి మినహాయింపులిస్తూనే వచ్చారు. 2025 జూలైలో వారానికి 48 గంటల పరిమితి ఉంచి, రోజుకి పది గంటలు పనిచేయించుకోవచ్చని తెలంగాణ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతానికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, ఒత్తిడి ఇందుకు దోహదం చేస్తున్నాయని తేలింది. అంటే వైరస్ లేకపోయినా ఈ పని పద్ధతి కాలేయాన్ని వదలడం లేదు. దీనికి జవాబుగా క్యాంటీనులో సలాడ్ కౌంటరు పెట్టారు.

2024లో పుణెలో ఇరవై ఆరేళ్ల అకౌంటెంటు మరణం తర్వాత ఆమె తల్లి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. అప్పుడు కూడా ఒత్తిడిని తట్టుకునే ఆత్మశక్తిని కుటుంబాలు పిల్లలకి నేర్పాలని కేంద్ర ఆర్థిక మంత్రి అన్నారు. ఆడపిల్లలకి ఓర్చుకోవడం నేర్పని కుటుంబం మన దేశంలో ఎక్కడుందో ఆవిడే చెప్పాలి.

మాత్రలు అయిపోయిన రోజున చికిత్స అయిపోదు. వైరస్ నిజంగా పోయిందో లేదో తేల్చే పరీక్ష ఇంకో పన్నెండు వారాల తర్వాత. ఆ మధ్యకాలంలో రోగి కాదు, ఆరోగ్యవంతురాలూ కాదు. అందరి దృష్టిలో మాత్రం ఆమె తిరిగి పనిలో చేరిన మనిషి. నాకు ఆ మూడు నెలలే అన్నిటికన్నా కష్టమనిపించాయి, వంట మానలేదు, రిపోర్టు గడువూ మారలేదు.

అందుకే అడగవలసింది ధ్యానం తరగతులు కాదు. చికిత్సకీ, ఆ తర్వాతి పరీక్షకీ కలిపి, జబ్బు పేరు చెప్పనవసరం లేకుండా డాక్టరు కాగితం మీద జీతంతో కూడిన సెలవు. కోరుకున్నవాళ్లకి పగటి షిఫ్టు. ఓపీ మందులకి బీమా. కాంట్రాక్టరు మారినా తెగిపోని ఈఎస్‌ఐ, దానికి అసలు యజమాని జవాబుదారీ. హెపటైటిస్‌కి కూడా వివక్ష నిరోధక చట్టం. ఇవన్నీ ఒక్కరోజులో రావు. ఈలోగా చెయ్యగలిగింది ఒకటుంది. ఉచిత మందు 28 రోజులకోసారి వెళ్లి తెచ్చుకోవాలి, అదీ ఉదయం ఓపీ వేళల్లో. అంటే ప్రతిసారీ ఒక రోజు కూలి పోవాలి. కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మందు ఇచ్చే కిటికీ ఒకటి తెరవమని అడుగుదాం. ఊడ్చే ఆవిడ షిఫ్టు దిగేది ఐదున్నరకి.