విజిటర్లు కావాలా, గిరాకీ కావాలా?

మా ఆడపడుచుకి ఫిల్మ్ నగర్‌లో చిన్న మగ్గం వర్క్ షాపు ఉంది. షాపు అన్నానని అద్దాల షోరూము ఊహించుకోకండి. అలాంటివన్నీ జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఉంటాయి. తనది ఓ సందులో, మేడ మీద ఒక గది. రెండు మగ్గాలు, ముగ్గురు కారిగర్లు, ఒక కుట్టు మిషను. పెళ్ళిళ్ళ సీజన్లో ఊపిరాడదు, ఆషాఢం వస్తే ఈగలు తోలుకోవడమే.

అలాంటి ఓ ఆషాఢంలోనే ఫోన్ చేసింది. "వదినా, వెబ్‌సైట్ పెట్టిస్తున్నా. మాటలు మాత్రం నువ్వు రాసిపెట్టాలి. ఎలాగూ బ్లాగు రాస్తావుగా!"

నాకూ సంబరమేసింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరికీ పనికిరాని నా రాతలు ఒకరికి ఉపయోగపడబోతున్నాయి కదా అని.

వెబ్‌సైట్ చేసే అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఆరు నెలల ప్యాకేజీ, ముప్ఫై వేలు. "మేడమ్, మీరు జాకెట్ల గురించి రాస్తే ఎవరూ చూడరు. మీరున్నది ఫిల్మ్ నగర్‌లో. పక్కనే రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్. హీరోయిన్ల పేర్లు పెట్టండి, ట్రాఫిక్ అదే వస్తుంది" అన్నాడు. హెడ్డింగులు కూడా తనే చెప్పాడు. 'ఆ హీరోయిన్ పెళ్ళి బ్లౌజు ధర తెలిస్తే షాకవుతారు' అని ఒకటి. 'విడాకుల తర్వాత ఆమె కట్టిన మొదటి చీర ఇదే' అని ఇంకొకటి.

ఆ రెంటి కిందా ఉన్న రాత నాదే. ఎవరి మీదో వేసి తప్పించుకోను. కూర పొయ్యి మీద పెట్టి, పది నిమిషాల్లో రాసి పంపేశాను. ఆవిడ విడాకులకీ మా ఆడపడుచు మగ్గానికీ సంబంధం ఏమిటని నాకు నేను ఒక్కసారి కూడా అడుగుకోలేదు.

జనం వచ్చారండీ. రోజుకి రెండు వేలు, మూడు వేలు. మా ఆడపడుచు ఆ గీత పైకెక్కడం చూసుకుని మురిసిపోయేది. ఫోన్లూ వచ్చాయి. "ఆ హీరోయిన్ నంబరుందా?" అని ఒకడు. రాత్రి పదకొండింటికి చేసి "మీరూ సినిమా ఫీల్డేనా?" అని ఇంకొకడు. బ్లౌజు కావాలని మాత్రం రెండు నెలల్లో ఒక్కరూ చేయలేదు.

ఆ తర్వాత అసలు దెబ్బ తగిలింది. వరంగల్ నుంచి వచ్చి పెళ్ళి బ్లౌజు చేయించుకున్న ఒక అమ్మాయి ఫొటో షాపు ఫోన్లో ఉంది. వీపు మీద వర్క్ కనిపించేలా తీసింది, మొహం సగం పక్కకి తిరిగి ఉంటుంది. ఆ అబ్బాయి దాన్ని తీసి 'రహస్యంగా పెళ్ళి చేసుకున్న హీరోయిన్? ఫొటో లీక్!' అని పెట్టాడు. అది ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో తెలీదు గానీ, చివరికి ఆ పిల్ల అత్తగారి చెల్లెలి ఫోన్లో తేలింది.

తల్లి వెతుక్కుంటూ షాపుకొచ్చింది. తిట్టలేదు. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో మగ్గం పక్కన కూర్చుని ఒక్క మాటంది. "జాకెట్ కుట్టమని ఇచ్చినం గాని, నా బిడ్డ ఫొటో బజార్ల పెట్టమన్నమా అమ్మా?"

మా ఆడపడుచు ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నాకు ఎటు చూడాలో తెలీలేదు.

అప్పట్నుంచీ నాకు ఈ 'విజిటర్లు' అనే మాటంటేనే కోపం. ఇవాళ ఇంట్లో పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, కేకులు చేసేవాళ్ళు, సంగీతం చెప్పేవాళ్ళు, చీరలు అమ్మేవాళ్ళు ఎవరు వెబ్‌సైట్ పెడదామన్నా చెప్పే సలహా ఇదే. ముందు జనాన్ని రప్పించండి, ఎలా రప్పించారన్నది తర్వాత. నేను అడిగేది ఒక్కటే. అబద్ధం చెప్పి పిలిస్తే వచ్చినవాడు మన దగ్గర ఏం కొంటాడు? హీరోయిన్ కోసం వచ్చాడు, హీరోయిన్ కనపడలేదు, పోయాడు. మన గుమ్మం ముందు నుంచి తిరునాళ్ళ జనం వెళ్తే మన ఇంటికి చుట్టాలొచ్చినట్టా?

ఇంకో సంగతి గమనించారా? ఈ హెడ్డింగుల్లో ఎప్పుడూ ఆడవాళ్ళ కాపురమే ఉంటుంది. ఆవిడ పెళ్ళి, ఆవిడ విడాకులు, ఆవిడ కడుపు. 2021 అక్టోబరులో సమంత, నాగచైతన్య విడిపోతున్నామని చెప్పాక ఆ అమ్మాయి మీద ఎన్నెన్ని వీడియోలు వచ్చాయో మనందరికీ గుర్తే. చివరికి కొన్ని యూట్యూబ్ ఛానళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకి వెళ్ళింది. ఆ నెలలోనే వాటిని తీసేయమని కోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి, తన పేరు, ఫొటో అనుమతి లేకుండా వాడుకోకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. వాళ్ళకి లాయర్లున్నారు, వెళ్ళారు. వరంగల్ పిల్లకి ఎవరున్నారు? వాళ్ళమ్మ బస్సెక్కి వచ్చింది, అంతే.

"సినిమా ఊళ్ళో ఉండి సినిమా పేరు వాడుకోకపోతే ఎలా వదినా?" అని మా ఆడపడుచే అప్పట్లో అనేది. వాడుకో, తప్పేముంది? నిజంగా ఓ సినిమాకి పనిచేసి ఉంటే, వాళ్ళ అనుమతి తీసుకుని, ఆ సినిమా పేరుతో సహా గర్వంగా చెప్పుకో. కృష్ణానగర్‌లో ఎంతమంది కాస్ట్యూమ్ పనివాళ్ళు అలా చెప్పుకునే వీలు కూడా లేక మరుగున పడి ఉన్నారో! చేయని పనికి పేరు తగిలించుకోవడమే తప్పు. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ లాంటి సైట్లకి అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎందుకు వెళ్ళేవాళ్ళు? సినిమా చూడొచ్చో లేదో తెలుసుకోడానికి. వాళ్ళకి కావలసింది అక్కడ దొరికింది కాబట్టి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మనకి కావలసింది కూడా అలా వెతుక్కుని వచ్చేవాళ్ళే.

గూగుల్ కూడా ఈ మాటే అంటోంది. 2022 ఆగస్టు నుంచి, మనుషులకి పనికొచ్చే రాతనే పైకి తెస్తాం, సెర్చి కోసం అల్లిన రాతని కాదు అని చెబుతూ వచ్చింది. 2024 మార్చిలో స్పామ్ నిబంధనలు ఇంకా బిగించింది. అంటే ఆ అబ్బాయి సలహా నీతికే కాదు, లెక్కకి కూడా నిలవదన్నమాట.

సరే, తర్వాత మేం ఏం చేశామో చెప్తాను. ఎవరికైనా పనికొస్తుంది.

అన్నీ తీసేద్దామని కూర్చుంటే తెలిసింది, సైటు పేరు, అదే డొమైన్, ఆ అబ్బాయి పేరు మీదే రిజిస్టరై ఉందని. బతిమాలి పేజీలు తీయించి, ఆ పేరు వదిలేసుకుని కొత్తది కొన్నాం. ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. మొదటి సలహా ఇదే రాసుకోండి. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. బంగారం తాకట్టు పెట్టినా రశీదు మన బీరువాలోనే పెట్టుకుంటాం కదా!

తర్వాత షాపుకొచ్చేవాళ్ళు రోజూ అడిగే ప్రశ్నలన్నీ ఓ నోటు పుస్తకంలో రాయమన్నాను. పెళ్ళికి ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి? జర్దోసికి ఎంత, మామూలు దారం వర్క్‌కి ఎంత? అమ్మ పాత పట్టుచీర అంచుతో బ్లౌజు వస్తుందా? కుందన్లు ఊడిపోతే మళ్ళీ వేస్తారా? లావైతే వదులు చేయడానికి లోపల గుడ్డ వదులుతారా? ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ, తెలుగులో, మేం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాశాను. సెర్చిలో జనం అడిగేవి కూడా ఇవే ప్రశ్నలని తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చూస్తే తెలిసింది. దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టాం, అదీ ఉచితమే. తెరిచే వేళలు, సందులోకి ఎలా రావాలో గుర్తులు, ధరలు దాచకుండా పెట్టాం. ఫొటోలు పెద్దవిగా ఉంటే ఫోన్లో తెరుచుకోవని, తగ్గించి పెట్టాం. బ్లౌజు ఫొటో మగ్గం మీదే తీస్తాం. మనిషి ఒంటి మీద తీస్తే, ఆ మనిషి సరేనని రాసిస్తేనే పెడతాం, మొహం లేకుండా.

ఇప్పుడు రోజుకి నలభై మంది వస్తున్నారు. మూడు వేల నుంచి నలభైకి. మా ఆయన "మీ వదినా మరదళ్ళ వ్యాపారం బ్రహ్మాండం" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. వారానికి అయిదారు ఫోన్లు వస్తున్నాయి, అన్నీ జాకెట్ల కోసమే. ఆషాఢంలో ఇప్పటికీ ఈగలున్నాయి, కాకపోతే కొంచెం తగ్గాయి.

ఇక మన సంగతి. ఆ మూడు వేల మంది ఎవరనుకుంటున్నారు? అందులో సగం మనమే. కూరగాయలు తరుగుతూ, పిల్లాడి స్కూలు బస్సు కోసం గేటు దగ్గర నిలబడి, 'ఆ హీరోయిన్ కాపురంలో చిచ్చు' అని కనపడగానే వేలు పెట్టేది మనమే. నేనూ పెట్టాను, ఎన్నోసార్లు. మనం నొక్కుతున్నాం కాబట్టే వాళ్ళు రాస్తున్నారు. పక్కింటావిడ కాపురం గురించి ఎవరైనా మన గుమ్మంలో నిలబడి చాటింపు వేస్తే లోపలికి పిలిచి కాఫీ ఇస్తామా? మరి ఫోన్లో ఎందుకిస్తున్నాం?

వరంగల్ అమ్మాయికి ఆ బ్లౌజు డబ్బులు తిరిగి పంపించాం. వాళ్ళమ్మ తీసుకోలేదు. వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళి కుదిరిందని మొన్న వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. బ్లౌజులు మాత్రం వేరే చోట ఇచ్చారట. ఇవ్వరు మరి. నేనైనా ఇవ్వను.