సముద్రం తవ్వే ముందు బోరెందుకు? ఉద్దానం తీరవాసులు అడగాల్సిన లెక్క ఇదీ

ఉద్దానం తీరంలో హార్బర్ వస్తుందంటే మత్స్యకార కుటుంబాలకు ముందుగా వచ్చే ఆలోచన ఒకటే. వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోవడం తప్పుతుందా? ఈ తీరంలో ఇప్పుడు జరుగుతున్న పెద్ద పని సంతబొమ్మాళి మండలంలోని మూలపేట పోర్టు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం సుమారు రూ.4,361 కోట్లు. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏటా 2.35 కోట్ల టన్నుల సామర్థ్యం.

క్రేన్లు, రాళ్ల గోడలు అందరికీ కనిపిస్తాయి. కానీ ఏ పోర్టు ఖర్చయినా, చుట్టుపక్కల ఊళ్ల భవిష్యత్తయినా చాలావరకు తేలేది కనిపించని పనిలోనే. అదే తవ్వకానికి ముందు చేసే భూసాంకేతిక పరీక్ష.

ఎలా చేస్తారు?

కాళ్లున్న బార్జిని నీళ్లలో నిలబెట్టి, దాని మీద నుంచి సముద్రపు అడుగున బోరు వేస్తారు. కొంత లోతుకో నమూనా తీస్తారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కిస్తారు. ఇసుకలో నాలుగు దెబ్బల లోపే దిగితే చాలా వదులు నేల. యాభై దాటితే బాగా గట్టి నేల. ఇవన్నీ రాసే పట్టికే ‘బోర్ లాగ్’.

డబ్బుతో సంబంధమేంటి?

వదులు ఇసుకను పీల్చి తీసే డ్రెడ్జర్ సరిపోతుంది. గట్టి నేలకు కోసే పళ్లున్న డ్రెడ్జర్ కావాలి. రాయి తగిలితే పేల్చాల్సి రావచ్చు. తూర్పు కనుమలు సముద్రానికి దగ్గరగా ఉన్న జిల్లా ఇది. ఇసుక కింద రాయి ఎక్కడుందో పైనుంచి చూసి చెప్పలేం. బోర్లు తక్కువ వేసి పని మొదలుపెడితే, మధ్యలో ‘అనుకోని నేల తగిలింది’ అంటూ కాంట్రాక్టర్ అదనపు బిల్లు అడుగుతారు. గడువు కూడా జారుతుంది.

నీళ్ల మాటేంటి?

కవిటి చుట్టుపక్కల కొబ్బరి తోటలు, బావులు ఆధారపడేది ఇసుక పొరల్లోని మంచినీటి మీద. తీరం లోపలికి లోతుగా తవ్వేటప్పుడు అడ్డుగా ఉన్న బంకమట్టి పొర తెగితే, ఉప్పునీరు ఆ పక్క బావుల్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. ఆ పొర ఎక్కడ, ఎంత మందాన ఉందో చెప్పేది బోర్ లాగే. కిడ్నీ వ్యాధితో ఏళ్లుగా సతమతమవుతూ, తాగునీటి కోసం పోరాడిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

బోరు చెప్పనిదేంటి?

అడుగున ఏముందో బోరు చెబుతుంది. పక్క నుంచి ఎంత ఇసుక వస్తుందో చెప్పదు. మన తీరంలో ఏటా ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. విశాఖ పోర్టు 1933లో మొదలైంది. ఆ ముఖద్వారం దగ్గర చేరిన ఇసుకను తవ్వి, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు పోయడం ఇన్నేళ్ల తర్వాతా అవసరమవుతోంది. అందుకే ఇసుక కదలికపై అధ్యయనం కూడా విడిగా ఉండాలి.

మీరేం అడగొచ్చు?

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుల ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఆ దశ దాటిపోతే ఆర్టీఐ ఉంది. పది రూపాయల ఫీజుతో ఏపీ మారిటైమ్ బోర్డుకు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవి అడగండి:

• ఎన్ని బోర్లు వేశారు? తవ్వే లోతు కంటే కిందికి వెళ్లాయా?
• తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు?
• ఏటా ఎంత పూడిక తీయాలి? ఆ ఖర్చు ఎవరిది?
• ఉత్తరం వైపు ఊళ్లలో తీరం కోతను, బావుల్లో ఉప్పును ఎవరు కొలుస్తారు?

బోరు ఒక్కసారి వేసేది. పూడిక ఏటా తీయాల్సింది. మొదటి లెక్క సరిగ్గా లేకపోతే, రెండో లెక్క ఊళ్ల మీద పడుతుంది.