సమాజం ఎక్కడికీ పోదట!

“ముందు మీరు సెటిల్ అవ్వండి. సమాజం ఎక్కడికీ పోదు. నలభై దాటాక, చేతిలో నాలుగు రూపాయలు ఆడాక సేవ చేసుకోవచ్చు.” ఈమధ్య బాన్సువాడలో ఒక వీడ్కోలు సభకు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి పిల్లలకు చెప్పిన మాట ఇది. ఊరికే చెప్పలేదు. ఒక తండా పిల్ల లేచి, “సార్, నేను లా చదువుదామనుకుంటున్న. మా తండాల భూమి కాగితాల పంచాయితీలు మస్తుగున్నయి” అంటే దానికిచ్చిన జవాబు. హాలంతా చప్పట్లు. అధ్యాపకులు కూడా కొట్టారు. ఆ పిల్ల కూర్చుంది.

అతిథి సంగతి వదిలేద్దాం. హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు, కారులోనే పోయాడు. నాకు ఒళ్లు మండింది ఆ చప్పట్లకు. ఈ మాట మా ప్రాంతంలో ఇప్పుడు ఎవరూ ఎదురు చెప్పని మాట అయిపోయింది. పదో తరగతి ఫలితాల రోజు మేనమామ చెప్తాడు. ఇంటర్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి చాయ్ తాగి చెప్తాడు. యూట్యూబ్‌లో మైకు పట్టినవాడల్లా చెప్తాడు. ముందు సంపాదించు, తర్వాత ఇవ్వు. వినడానికి ఎంత బుద్ధిమంతుల మాటలా ఉంది!

ఆ పిల్ల ఏమడిగిందో మళ్లీ చూడండి. సేవ చేస్తానని అనలేదు. అన్నదానం చేస్తానని అనలేదు. ఫీజు తీసుకుని చేసే ఒక వృత్తి గురించి అడిగింది. తన పొట్ట నిండాలి, తండాకు అక్కరకు రావాలి, రెండూ ఒకే పనిలో జరగాలి అన్నది ఆమె లెక్క. అతిథిగారు ఆ వృత్తిని దానం కింద జమకట్టి, ఆ దానాన్ని ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టారు. మా కోర్టుల్లో కూడా అంత పొడుగు వాయిదా దొరకదు.

భూమి కాగితాల పంచాయితీ అంటే ఏమిటో ఆయనకు తెలుసో లేదో. భూమి రికార్డులకు 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ఏది వచ్చినా పాస్‌బుక్కులో రెండు గుంటలు తక్కువ పడిన మనిషి తిరగాల్సిన ఆఫీసులు తగ్గలేదు. తెల్ల కాగితం మీద రాయించుకున్న సాదా బైనామాలు ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి. అడవి అంచు తండాల్లో 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ఏమైందో అడగడానికి కూడా ఎవరిని అడగాలో తెలియనివాళ్లు ఉన్నారు. ఆ దరఖాస్తును చదివి, అర్థం చేసుకుని, లంబాడీ భాషలో తిరిగి చెప్పగల ఒక్క వకీలు ఉంటే ఎన్ని ఇళ్లకు ఆసరా! ఆ వకీలు నలభై దాటాక వస్తుందిలే అని తండా ఆగుతుందా? ఈలోగా ఆ గుంటలు చేతులు మారిపోవూ?

ఇక ఈ ‘నలభై దాటిన సేవ’ ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. ఏటా చూస్తున్నాం. జూన్‌లో బడులు తెరవగానే మొదలవుతుంది. పూర్వ విద్యార్థిగారు వస్తారు. పిల్లలను ఎండలో వరుసగా నిలబెడతారు. ఒక్కొక్కరికి రెండు నోటు పుస్తకాలు, ఒక పరీక్ష అట్ట. అట్ట మీద దాత ఫొటో. పుస్తకం ఇచ్చేటప్పుడు పిల్లవాడు కెమెరా వైపు చూడాలి, చూడకపోతే పుస్తకం వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. మర్నాడు జిల్లా పేజీలో పోస్టుకార్డంత బొమ్మ. పోయినేడాది పెట్టించిన మంచినీళ్ల ప్లాంటు ఫిల్టరు మార్చే దిక్కులేక మూలన పడి ఉంటుంది. దాని మీద దాత తల్లిదండ్రుల పేర్లు మాత్రం బడి పేరు కంటే పెద్ద అక్షరాల్లో మెరుస్తుంటాయి. ఆ పిల్లలకు లెక్కలు చెప్పే సారు లేడని ఎవరైనా గుర్తు చేస్తే, “అది గవర్నమెంటు చూసుకోవాలి కదండీ” అంటారు. నిజమే. లెక్కల సారు కావలసిన పిల్లవాడే పూర్వం ఇదే బడిలో చదివి, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుని, సెటిల్ అయి, ఇప్పుడు నోటు పుస్తకాలు పంచుతున్నాడు.

శాలువాల గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. మా జిల్లాలో ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవాడెవడూ మనిషికి ఉన్ని శాలువా కప్పడు. అయినా ప్రతి సభలోనూ కప్పుతాం. కప్పించుకున్నవాడు రెండు నిమిషాలు చెమటలు కక్కి, తీసి కుర్చీ వీపుకు వేస్తాడు. సభ అయ్యాక డ్రైవరు వాటిని మడిచి డిక్కీలో పెడతాడు. అతిథులకు చేసే మర్యాదల్లో సగం శ్రద్ధ ప్రశ్న అడిగిన పిల్ల మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు. సరే, ఇది పక్కదారి.

సెటిల్ అయ్యేదాకా ఆగకుండా, వృత్తినే ఆయుధం చేసుకున్నవాళ్లు ఎక్కడో విదేశాల్లో లేరు. మా ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోనే ఉండేవారు. బొజ్జా తారకం 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. నిజామాబాద్ వచ్చి నల్లకోటు వేసుకున్నారు. 1970లలో అంబేద్కర్ యువజన సంఘం పెట్టి ఈ జిల్లా పల్లెలు తిరిగారు. కూలి రేటు కోసం, భూమి కోసం, సాంఘిక బహిష్కరణకు ఎదురు నిలబడటం కోసం. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. ఆ తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది అయ్యారు. అతిథిగారి కొలతతో చూస్తే అదే సెటిల్ కావడం. 1985 జులైలో కారంచేడులో దళితులను నరికి చంపారు. తారకం ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. వరుస చూశారా? ముందు సెటిల్, తర్వాత సేవ అనే సూత్రం ఆయన దగ్గర తలకిందులైంది. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని ఒక పుస్తకం రాశారు. అరెస్టయిన మనిషికి ఏయే హక్కులుంటాయో మామూలు తెలుగులో చెప్పే పుస్తకం. నాకు తెలిసిన ఎన్నో నోటు పుస్తకాల పంపకాలు ఆ చిన్న పుస్తకం ముందు వెలవెలబోతాయి.

“అందరూ తారకాలు కాలేరు” అంటారు. వెంటనే అంటారు, ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మాట అది. అందరూ కావాలని ఎవరడిగారు? ఒక్క పిల్ల అడిగింది, ఆ ఒక్కదాన్నీ కూర్చోబెట్టారు. బాలగోపాల్ పేరు చెప్తే, “ఆయన మేధావి, లెక్కల్లో పీహెచ్‌డీ” అంటారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలేసి, హక్కుల కోసం ఊరూరూ తిరిగి, నడివయసులో న్యాయవాది అయి పేదల కేసులు వాదించిన మనిషిని చూపించి, మేధావి కాబట్టి మనకు వర్తించదని తేల్చేస్తారు. తెలివి తక్కువవాడైతే తెలివి లేదని, ఎక్కువవాడైతే మేధావి అని. ఎలాగైనా మన పిల్లకు వర్తించకపోతే చాలు.

పోనీ, మహానుభావులను పక్కన పెడదాం. బాన్సువాడలోనే మాతాశిశు ఆసుపత్రి ఉంది. 2022లో దానికి తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు మార్బుల్ గోడలకు వచ్చింది కాదు. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ముకు పట్టించాలి. ఆపరేషనైన తల్లి మత్తులో ఉంటుంది, నొప్పితో ఉంటుంది. చుట్టాలేమో చక్కెర నీళ్లు, తేనె చెంచా పట్టుకుని తయారుగా ఉంటారు. అత్తకు సర్దిచెప్పి, తల్లిని పక్కకు ఒత్తిగిల్లేలా చేసి, బిడ్డ నోరు పట్టుకునేదాకా నిలబడేది సిస్టర్లు, ఆయాలు. ఒక్కో కాన్పుకూ, రాత్రి రెండింటికి కూడా. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం కోతలే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. మొత్తం కాన్పుల లెక్కలో అప్పుడు దేశంలో మనదే మొదటి స్థానం. ఇలాంటి రాష్ట్రంలో ఒక చిన్న పట్నపు సర్కారు దవాఖానా సిస్టర్ చేసే పని ఎంత పెద్దదో మా పిల్లలకు ఏ మోటివేషన్ క్లాసులోనైనా చెప్పారా? ఆమెకు జీతం వస్తుంది. ఇల్లు గడుస్తుంది. నలభై దాటేదాకా ఆగలేదు. జిల్లా పేజీలో బొమ్మ మాత్రం పడలేదు.

నిజాంసాగర్ ప్రాజెక్టు సంగతి చూడండి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులో చదివి వచ్చి, ఇక్కడి వాగులను, నదులను కొలుచుకుంటూ ఉద్యోగం చేశాడు. వారమంతా ఇంకేదో చేసి ఆదివారం సేవ చేయలేదు. ఆయన ఉద్యోగమే వర్ని, కోటగిరి, బాన్సువాడలను వరి మాగాణులు చేసింది. కోస్తా నుంచి రైతులొచ్చి క్యాంపులు వేసుకున్నారు. బోధన్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. (ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతులనూ కార్మికులనూ రోడ్డున పడేసిన ఆ లెక్కలన్నీ వేసినవాళ్లు చక్కగా సెటిల్ అయిన బుద్ధిమంతులే. ఆ కథ ఇప్పుడు ఎత్తితే ఆపలేను.) దాదాపు ముప్పై టీఎంసీలు పట్టేలా కట్టిన జలాశయంలో ఒండ్రు మేటవేసి ఇప్పుడు పద్దెనిమిదికి దిగింది. ఆ పూడిక లెక్క చూడాల్సిన సివిల్ ఇంజినీరు ఏడి? ఆ ఆయకట్టు మీద పండిన ధాన్యంతో చదివిన పిల్లవాడు గచ్చిబౌలిలో ఏ అమెరికా బీమా కంపెనీకో రాత్రిపూట మేలుకుని ఉన్నాడు. వాడి తప్పేం లేదు. వాడు కాలువను ఎప్పుడైనా దగ్గరగా చూస్తే కదా!

తల్లిదండ్రుల అప్పులు, దుబాయ్ వీసాకు తెచ్చిన వడ్డీ, అమ్మ బీడీలు చుట్టి కట్టిన ఫీజు ఏం కావాలంటారా? నాకు తెలియని సంగతులు కావవి. పైసలు కావాలి. ఎవరు కాదన్నారు? అయితే వకీలు, సిస్టరు, ఇంజినీరు, వ్యవసాయ విస్తరణాధికారి, లెక్కల సారు పస్తులుంటున్నారా? ఈ ప్రశ్నకు ఇంతకంటే చోటివ్వడం దండగ.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది మోటివేషన్ వక్తలు మాలావత్ పూర్ణను వాడుకునే తీరు. 2014 మే 25న, తెలంగాణ పుట్టడానికి ఎనిమిది రోజుల ముందు, పద్నాలుగేళ్లు కూడా నిండని ఆ పిల్ల ఎవరెస్టు ఎక్కింది. ఊరు మా ఉమ్మడి జిల్లాలోని పాకాల. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. “చూశారా, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం” అని వక్త చెయ్యి పైకెత్తుతాడు. ఆ గురుకులం ఆకాశం నుంచి ఊడిపడిందా? 1980లలో సాంఘిక సంక్షేమ శాఖలో ఉంటూ ఎస్.ఆర్. శంకరన్ అనే అధికారి ఆ గురుకులాలకు పునాది వేశాడు. వెట్టి నుంచి విడిపించిన మనుషుల కోసం ఊళ్లు తిరిగాడు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. ఆయన ఐఏఎస్ ఉద్యోగమే చేశాడు, ఆ కుర్చీలోనే కూర్చుని చేశాడు. పూర్ణ కథ చెప్పి శంకరన్‌ను దాచేస్తే పిల్లలకు మిగిలేది కొండెక్కాలనే కోరిక ఒక్కటే. పిల్లలు కొండెక్కే గురుకులం కట్టాలని వాళ్లలో ఏ ఒక్కరికీ తోచదు.

సెటిల్ కావాలనే ఈ రంధి ప్రాణాల మీదికి ఎలా తెస్తుందో కూడా చూశాం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు ఈ రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు తప్పు వేసిన యంత్రాంగాన్ని తిట్టాం, తిట్టాల్సిందే. ఒక మార్కుల కాగితం పోతే బతుకే పోయిందని పదిహేడేళ్ల పిల్లకు నూరిపోసిందెవరో మాత్రం అడగలేదు.

మరి ఏం చేయాలంటారు? నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. ఒక ఏడాది పాటు ముఖ్య అతిథులను పిలవడం మానేసి చూడండి. ఇంటర్ రెండో ఏడాది పిల్లలను తలా ఒక వారం బయటికి పంపండి. కొందరిని కోర్టు దగ్గర ఉచిత న్యాయ సహాయం అడిగేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. కొందరిని కాన్పుల వార్డు వరండాలో, సిస్టర్లు ఒప్పుకుంటే. కామర్స్ పిల్లలను వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా దగ్గర నిలబెట్టండి. బస్తాకు తరుగు ఎంత తీస్తున్నారు, మిల్లు నుంచి ట్రక్ షీట్ ఎన్ని రోజులకు వస్తున్నది వాళ్లనే రాసుకోమనండి. మా ఉమ్మడి జిల్లాలోని లింగంపేటలో 2021లో ఒక రైతు కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప మీదే ప్రాణం విడిచాడు. ఆ కాంటా దగ్గర నేర్చుకున్న పిల్లవాడికి డెబిట్టు, క్రెడిట్టు ఒక పట్టాన మరపుకు రావు. ఎంపీసీ పిల్లలు కాలువ తూము దగ్గర నీళ్లు వదిలే లష్కర్‌తో తిరగాలి. బైపీసీ వాళ్లకు రుద్రూరులో వరి, చెరకు పరిశోధన కేంద్రం ఉండనే ఉంది. తిరిగొచ్చాక ఎవరికేం తోచిందో వాళ్లే చెప్పాలి, మనం చెప్పకూడదు.

దీనికి మార్కులెలా వేయాలి, ఏ అధికారి అనుమతి కావాలి అన్న చిక్కులు ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు కూర్చుని తేల్చుకోవాలి. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఎలాగూ ఉచితం. మగపిల్లల టికెట్లకు మాత్రం ఎవరో ఒకరు పైసలు పెట్టాలి. నోటు పుస్తకాల దాతలు ఈ ఏడు ఆ ఖర్చు భరించవచ్చు. టికెట్ల మీద ఫొటో వేయడం కుదరదు మరి.