గాయం మానినా సలుపు మానదు

మొన్న కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అక్క నాకు చేయి చూపించింది. మణికట్టు దగ్గర నొక్కుకుపోయిన నరానికి ఆపరేషనై ఏడాది దాటిందట. "గాయం మానింది గని, కొంగు తగిలినా కరెంటు కొట్టినట్టయితది. ఇంట్లోళ్లేమో ఏషాలేస్తున్నదంటరు" అంది.

అవి వేషాలు కావు. దెబ్బతిన్న నరం ఎంతోకాలం నొప్పి కబుర్లు మోస్తే, వెన్నుపాములోని, మెదడులోని కణాలు చిన్న తాకిడికే ఉలిక్కిపడటం నేర్చుకుంటాయి. నొప్పిని అదుపు చేసే మెదడు పట్టూ సడలుతుంది. వెన్నుపాములో ఈ మార్పును క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లోనే ఎలుకలపై పరిశోధించి చూపారు.

డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఈ నొప్పికి పెద్దగా పనిచేయవు. రోజూ మింగితే కిడ్నీలకే ముప్పు. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, అవి డాక్టరే రాయాలి.

కరీంనగర్ పల్లెల నుంచి ఆదిలాబాద్ వైపు నిర్మల్ దాకా ఎందరో ఆడవాళ్లకు బీడీలే బతుకు. తెలంగాణ వచ్చాక వీళ్లకు పింఛను మొదలైంది, మంచిదే. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పి పేరు లేదు. కంటికి కనబడని బాధ కాగితానికీ ఎక్కలేదన్నమాట.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. బీడీ కార్మికుల దవాఖానాల్లో నరాల పరీక్షలు అడుగుదాం. అంతకన్నా ముందు, ఇంట్లో ఆమె మాట నమ్ముదాం.