బీహెచ్‌పీ నంబర్ చాలు, ఇక టార్క్ గ్రాఫ్ చూపించండి

ఫోన్ల విషయంలో మనల్ని మోసం చేయడం ఇప్పుడు అంత ఈజీ కాదు. బాక్స్ మీద 108 మెగాపిక్సెల్ అని రాస్తే "సెన్సర్ సైజ్ ఎంత?" అని అడుగుతాం. అంటుటు స్కోరు చూపిస్తే "అరగంట గేమ్ ఆడాక కూడా అంతే వస్తుందా?" అంటాం. అదే కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ప్రశ్నతో ఆగిపోతున్నాం: "బీహెచ్‌పీ ఎంత?"

ఈ ప్రశ్న సరిపోదని నా అభిప్రాయం. ఫోన్ నచ్చకపోతే ఏడాదికి మార్చేస్తాం. కారు అలా కాదు కదా, ఐదేళ్లో ఏడేళ్లో ఈఎంఐ కట్టాలి. పైగా ఆ పెద్ద నంబర్ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర తిరిగినప్పుడు వచ్చేది. మీ రోజువారీ డ్రైవింగ్‌లో అక్కడికి ఎన్నిసార్లు వెళ్తారో ఆలోచించండి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ట్రాఫిక్‌లో వెళ్తే సూది ఎక్కువసేపు 1,500 నుంచి 3,000 మధ్యే ఆడుతుంది. ఆ మధ్యలో ఇంజిన్ ఎలా లాగుతుందన్నదే అసలు సంగతి. దాన్ని చాలావరకు నిర్ణయించే వాటిలో ఒకటి వేరియబుల్ వాల్వ్ టైమింగ్, అంటే వీవీటీ. బ్రోచర్‌లో ఈ మూడక్షరాలు ఒక మూలన కనిపిస్తాయి, మనం చూసీ చూడనట్టు దాటేస్తాం.

ఇంతకీ అది చేసేదేంటి?

ఇంజిన్ గాలి పీల్చుకోవడానికి ఇన్‌టేక్ వాల్వ్, పొగ వదలడానికి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉంటాయి. వాటిని తెరిచేది కామ్‌షాఫ్ట్. పాత ఇంజిన్లలో ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఫ్యాక్టరీలోనే ఫిక్స్ అయిపోయేది. సమస్య అక్కడే. 1,500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 6,000 దగ్గర 5 మిల్లీసెకన్లే. ఇంత తేడా ఉన్న రెండు పరిస్థితులకు ఒకటే టైమింగ్ ఎలా సరిపోతుంది?

ఎక్కువ స్పీడులో గాలి మంచి ఊపు మీద వస్తుంది. పిస్టన్ కిందిదాకా వెళ్లి మళ్లీ పైకి తిరిగినా, ఆ ఊపులో గాలి ఇంకా లోపలికి దూరుతూనే ఉంటుంది. కాబట్టి ఇన్‌టేక్ వాల్వ్‌ని కాస్త ఆలస్యంగా మూస్తే లాభం. తక్కువ స్పీడులో ఆ ఊపు ఉండదు. అక్కడ అంతే ఆలస్యం చేస్తే లోపలికి వచ్చిన గాలిని పిస్టనే వెనక్కి నెట్టేస్తుంది. మెట్రో తలుపుతో పోల్చుకోండి. జనం తోసుకుంటూ వస్తున్నప్పుడు ఇంకో క్షణం తెరిచి ఉంచితే మరో నలుగురు ఎక్కుతారు. తోపుడు లేనప్పుడు ఊరికే తెరిచి ఉంచితే ఎక్కినవాళ్లలోనే కొందరు జారిపోతారు.

అందుకే పాత రోజుల్లో ఇంజినీర్లు రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చేది. కింద బాగా లాగే ఇంజిన్ కావాలా, పైన ఉరికే ఇంజిన్ కావాలా? వీవీటీ వచ్చి ఈ రాజీని చాలావరకు తగ్గించింది. ఇప్పటి చాలా కార్లలో కామ్‌షాఫ్ట్ చివర ఫేజర్ అనే భాగం ఉంటుంది. ఈసీయూ ఆదేశం ఇస్తే, ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో అది కామ్‌షాఫ్ట్‌ని కొన్ని డిగ్రీలు ముందుకో వెనక్కో తిప్పుతుంది. అంటే వాల్వ్ టైమింగ్ నడుస్తుండగానే మారిపోతుందన్నమాట.

ఐడియా కొత్తదేం కాదు. ఆల్ఫా రోమియో 1980లోనే స్పైడర్ కారులో పెట్టింది. 1989లో హోండా ఇంటెగ్రాలో వీటెక్ తెచ్చి, టర్బో లేకుండా 1.6 లీటర్ ఇంజిన్ నుంచి 160 పీఎస్ లాగింది. వీటెక్ పద్ధతి కొంచెం వేరు. అది టైమింగ్‌ని జరపడం కాదు, ఆర్‌పీఎం పెరిగాక ఏకంగా ఇంకో పెద్ద కామ్ లోబ్‌కి మారిపోతుంది. యమహా ఆర్15లో 7,400 ఆర్‌పీఎం దగ్గర వీవీఏ అందుకోవడం చూసినవాళ్లకు ఈ ఫీల్ తెలుసు, అదీ ఇదే కుటుంబం.

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్ల లెక్కలు చూద్దాం. 2008లో వచ్చిన హోండా సిటీ 1.5 ఐ-వీటెక్: 118 పీఎస్, 4,800 ఆర్‌పీఎం దగ్గర 146 ఎన్‌ఎం. 2020లో వచ్చిన సిటీ: 121 పీఎస్, 4,300 దగ్గర 145 ఎన్‌ఎం. కొత్తదాంట్లో రెండు కామ్‌షాఫ్ట్‌లు, వాటితోపాటు కామ్ టైమింగ్ మార్చే ఏర్పాటూ ఉన్నాయి. బీహెచ్‌పీ మాత్రమే చూసేవాళ్లు "పన్నెండేళ్లలో మూడేనా పెరిగింది?" అంటారు. నేను చూసేది ఇంకోటి. అంతే టార్క్ 500 ఆర్‌పీఎం ముందే చేతికి వచ్చేసింది. యాక్సిలరేటర్ తొక్కే కాలికి ఈ రెండో తేడానే ముందు తెలుస్తుంది.

2024లో కొత్త స్విఫ్ట్ వచ్చినప్పుడు జరిగిన గోల గుర్తుందా? పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ 90 పీఎస్, కొత్త మూడు సిలిండర్లది 82 పీఎస్. "డౌన్‌గ్రేడ్" అని తీర్పు చెప్పేశారు. టార్క్ చూస్తే 113 నుంచి దాదాపు 112కి తగ్గింది, అంతే. అదీ 4,400కి బదులు 4,300 దగ్గరే వస్తోంది. సిలిండర్ తగ్గితే స్మూత్‌నెస్ తగ్గుతుందనే వాదన వేరు, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ 2,500 దగ్గర ఏది బాగా లాగుతుంది? ఈ నాలుగు నంబర్లు పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా చూసినా జవాబు దొరకదు. నా ఫిర్యాదు సరిగ్గా ఇదే.

చిన్న లెక్క వేద్దాం. రెండు ఇంజిన్లున్నాయి, రెండూ 90 పీఎస్ అనుకోండి. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఒకటి 85 ఎన్‌ఎం ఇస్తోంది, ఇంకోటి 105. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి వచ్చేదే కాబట్టి, ఆ క్షణంలో మొదటిది ఇచ్చేది సుమారు 24 పీఎస్, రెండోది 30. బ్రోచర్‌లో రెండూ సమానం. శ్రీశైలం ఘాట్‌లో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, మలుపు తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం ఒకటి సెకండ్ గేర్ అడుగుతుంది, ఇంకోటి థర్డ్‌లోనే వెళ్లిపోతుంది.

అలాగని వీవీటీ అని రాసి ఉంటే చాలు, కారు లాగేస్తుందని కాదు. ఆ టెక్నాలజీని దేనికి వాడారన్నది ముఖ్యం. గ్రాండ్ విటారానే చూడండి. మైల్డ్ హైబ్రిడ్‌లోని 1.5 లీటర్ ఇంజిన్ 137 ఎన్‌ఎం ఇస్తే, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లోని 1.5 లీటర్ ఇంజిన్ 122 ఎన్‌ఎం ఇస్తుంది. రెండింట్లోనూ వాల్వ్ టైమింగ్ మారుతుంది. రెండోదాంట్లో ఇన్‌టేక్ వాల్వ్‌ని కావాలనే ఆలస్యంగా మూసి, కొంత టార్క్ వదులుకుని మైలేజ్ రాబడతారు. పోయినదాన్ని ఎలక్ట్రిక్ మోటార్ భర్తీ చేస్తుంది.

"టర్బో వచ్చాక ఇదంతా ఎందుకు బ్రో?" అనేవాళ్లూ ఉంటారు. నిజమే, వెన్యూ 1.0 టర్బో 1,500 నుంచి 4,000 దాకా 172 ఎన్‌ఎం ఇస్తుందని కంపెనీయే చెప్పింది. గమనించారా, అక్కడ ఒక్క పాయింట్ కాదు, రేంజ్ చెప్పారు. ఎందుకంటే అది గొప్పగా కనిపిస్తుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి వచ్చేసరికి మాత్రం ఒక్క శిఖరం చూపించి ఊరుకుంటారు. మన దగ్గర టర్బోకి అదనంగా డబ్బులు పెట్టలేక మామూలు పెట్రోల్ ఇంజిన్ కొనేవాళ్లు ఎంతోమంది. వాళ్లకే ఈ సమాచారం ఎక్కువ అవసరం.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. కంపెనీలు ప్రతి ఇంజిన్‌కి పూర్తి టార్క్ గ్రాఫ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంజిన్ ట్యూన్ చేసేటప్పుడు ఆ గ్రాఫ్ లేకుండా పని జరగదు, అంటే వాళ్ల దగ్గర ఉన్నదే. రివ్యూలు రాసే మేమూ 0-100 టైమ్‌తో సరిపెట్టకుండా, థర్డ్ గేర్‌లో 30 నుంచి 80కి ఎంతసేపు పట్టిందో చెప్పాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ రోడ్డు చూసుకుని, మాన్యువల్ అయితే థర్డ్‌లో 30 దగ్గర నుంచి గేర్ మార్చకుండా మెల్లగా తొక్కండి. వీలైతే ఇంట్లోవాళ్లను కూడా ఎక్కించుకుని, ఏసీ వేసి చూడండి. కొన్నాక ఆయిల్ టైమ్‌కి మార్పించండి, ఫేజర్ పనిచేసేది ఆ ఆయిల్ ప్రెషర్‌తోనే. మురికి ఆయిల్‌తో అది మొరాయిస్తే మీరు డబ్బు పెట్టి కొన్న టెక్నాలజీ ఉన్నా లేనట్టే.

రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు, ఎదురుగా వెలుగు కనిపిస్తే, మీ చేతిలో ఉండేది ఆ క్షణంలో ఇంజిన్ ఇవ్వగలిగినంతే. బ్రోచర్‌లో రాసిన 90 కాదు. ఆ క్షణంలో ఎంత వస్తుందో డబ్బు కట్టకముందే తెలుసుకునే హక్కు మనకుంది.