రోజూ వేసుకుంటాడు

ఇంగ్లీషులో వర్తమానకాలం గురించి కాస్త వివరంగా వ్రాయమని తిరుపతి నుంచి ఒక సోదరి కోరారు. ఆరో తరగతి చదివే వాళ్ళబ్బాయి ‘ఐ గో’ అనవలసిన చోట ‘ఐ యామ్ గోయింగ్’ అనీ, ఒక్కోసారి ‘ఐ విల్ గో’ అనీ వ్రాసి మార్కులు పోగొట్టుకుంటున్నాడట. అబ్బాయిని కోప్పడకండమ్మా. ముప్పై ఏళ్ళు ఆ పాఠమే చెప్పిన నేను చేసిన నిర్వాకం వినండి.

మా మేనమామది చిత్తూరు దగ్గర పల్లె. ఆయనకు రక్తపోటు. ఒకసారి వేలూరులో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆవిడకు తెలుగు రాదు. మామకు తెలుగు తప్ప మరొకటి రాదు. మధ్యన దుబాసీని నేను. రక్తపోటు చూసి ఆవిడ మొహం చిట్లించి, మాత్రలు వేసుకుంటాడా అని అడిగారు.

“వేసుకుంటా గదబ్బా!” అన్నాడు మామ.

నేను ఠపీమని ‘హి విల్ టేక్’ అన్నాను.

ఇంకా మొదలుపెట్టలేదు, ఇకమీద వేసుకుంటాడు అని ఆవిడ అనుకున్నారు. చీటీ వ్రాసి, నెల తర్వాత రమ్మన్నారు. మందుల షాపులో మాత్రల అట్ట చేతికి రాగానే మామ, “ఏందల్లుడా, మూడేండ్లుగా నేను మింగేది ఇదే గదా!” అన్నాడు. నా గుండె ఝల్లుమంది. పరుగున వెనక్కి పోయి, ‘హి టేక్స్ ఇట్ ఎవ్రీ డే’ అన్నాను. ఆవిడ ఆ చీటీ కొట్టివేసి వేరే మందు వ్రాశారు.

తప్పు ఎక్కడ వచ్చింది? మన ‘వేసుకుంటాడు’ రెండు పనులు చేస్తుంది. ‘రేపు వేసుకుంటాడు’, ‘రోజూ వేసుకుంటాడు’. మాట ఒకటే, కాలాలు రెండు. మన పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి భూత, భవిష్యత్, వర్తమానాలతోబాటు ‘తద్ధర్మం’ అని వేరే చెప్పాడు. అంటే స్వభావం, అలవాటు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి. ఇంగ్లీషువాడి సింపుల్ ప్రెజెంటు ముఖ్యంగా చేసే పని ఇదే. పేరులో వర్తమానం ఉందిగాని, ఈ క్షణంతో దానికి అంతగా నిమిత్తం లేదు. మా మామ మాత్ర మింగే అలవాటు ఆయన నిద్రపోతున్నా నిజమే గదా!

ఈ క్షణాన జరిగేదానికి ‘ఇంగ్’ ఉంది. దీనికి మన సీమ మాటే మంచి ఉపాధ్యాయుడు. ‘రోజూ కొండకు పోతాను’ అంటే ఐ గో. ‘ఇప్పుడు కొండకు పోతా ఉండాను’ అంటే ఐ యామ్ గోయింగ్. ఆ ‘ఉండాను’ వినబడిన చోట ‘యామ్’ పెట్టమనండి. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’ అనేవాటికి మనం ‘ఉండాను’ తగిలించం, ఇంగ్లీషువాడూ తగిలించడు. ఐ నో, ఐ వాంట్, అంతే. అయితే ‘నమ్ముతా ఉండాను’ దగ్గర మాత్రం మోసపోకండి. అక్కడ ‘ఐ బిలీవ్’ అనాలి.

ఇక ‘ఎస్’ గొడవ. మన క్రియ నేను, నువ్వు, వాడు, ఆమె అంటూ ఒక్కొక్కరికీ ఒక్కో వేషం కడుతుంది. ఇంగ్లీషు క్రియ బద్ధకస్తురాలు. వాడికి, ఆమెకు, దానికి మాత్రం ఒక ‘ఎస్’ తగిలించి ఊరుకుంటుంది. ఇన్ని వేషాలు నేర్చిన పిల్లలు ఆ ఒక్కటీ ఎలా మరిచిపోతారో నాకిప్పటికీ అంతుబట్టదు.

1919లో రవీంద్రులు ఆనాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఉండి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, అందులో క్రియలు చాలావరకు ఈ కాలంలోనే ఉంచారు. అబ్బాయికి ఈ ముక్క చెప్పండి, గుర్తుంటుంది.

ఆ తర్వాత వేలూరు పోయినప్పుడల్లా బస్సు దిగకముందే మామ నన్ను హెచ్చరించేవాడు: “అల్లుడా, ఆ ‘ఎవ్రీ డే’ మాత్రం మరిచిపోవాకు. మిగతాది నువ్వెట్లన్నా చెప్పుకో!”