మైకు ఒక్కటే కొలువు గాదు

డిగ్రీ చదివే పిలగాండ్లను ముందట ఏం జేస్తరని అడిగితే ‘స్పోర్ట్స్ మీడియాల పోత’ అనేటోళ్లు పెరుగుతున్నరు. ఇంట్ల పెద్దలకేమో ఇది కొలువు లెక్క అనిపిస్తలేదు. క్రికెట్ చూసుకుంట కూసునుడే అనుకుంటున్నరు. ఇద్దరి లెక్కా తప్పే. కొడుకు మైకును చూస్తున్నడు, తండ్రి టీవీని చూస్తున్నడు. ఆ రెండింటి నడుమ ఉన్న పనిని ఇద్దరూ చూస్తలేరు. నేర్పవలసిన కాలేజీలు సుత దాన్ని పట్టించుకోవాలె.

ముందుగాల పైసల సంగతి మాట్లాడుకుందాం. 2023 నుంచి 2027 దాకా ఐదేండ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 2022 జూన్‌ల 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినయి. 2018 డిసెంబర్‌ల తెలుగులో స్టార్ స్పోర్ట్స్ చానల్ వచ్చింది. 2023ల ఐపీఎల్ మ్యాచులను ఫోన్లల్ల 12 భాషలల్ల చూపించిండ్రు. అంటే తెలుగులో ఆట చూసేటోళ్లు ఉన్నరని కంపెనీలకు ఎరుకైంది. మార్కెట్ ఉన్నకాడ కొలువులుంటయి. ఆ కొలువులకు మన పిలగాండ్లను తయారుచేసే చదువేది?

కామెంటరీ డబ్బాల కుర్చీలు నాలుగైదే. అవి ఎక్కువగ మాజీ ఆటగాళ్లకే పోతయి. కానీ ఒక మ్యాచ్ మన ఇంటికి రావాలంటే ప్రొడ్యూసర్ కావాలె. కెమెరా పట్టేటోళ్లు, రీప్లే చూపెట్టేటోళ్లు, తెర మీద అంకెలు ఎక్కించేటోళ్లు, పాత రికార్డులు తీసిచ్చేటోళ్లు, స్కోరర్లు, క్లిప్పులు కత్తిరించే ఎడిటర్లు కావాలె. వీళ్లెవరూ దేశం తరఫున ఆడినోళ్లే కానక్కరలేదు. పని వస్తే చాలు. ఆ పని పుస్తకం బట్టీపడితే రాదు. కాలేజీ మైదానంల జరిగే ఖోఖో పోటీకి కెమెరా పెట్టి, స్కోరు రాసి, తెల్లారేసరికి వార్త రాస్తే వస్తది. క్రికెట్ స్కోరర్లకు బీసీసీఐ పరీక్ష పెడ్తది. మన జర్నలిజం విద్యార్థులల్ల ఎంతమందికి ఆ సంగతి ఎరుక?

ఇంకో మాట. ఎవరు గెలిచిండ్రు, ఎన్ని పరుగులు అని చెప్పేందుకు ఇగ మనిషి అక్కరలేదు. అమెరికాల అసోసియేటెడ్ ప్రెస్ 2016లనే చిన్న బేస్‌బాల్ లీగుల వార్తలను యంత్రంతోటి రాయించుడు మొదలువెట్టింది. మరి మనిషి ఏం రాయాలె? వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024ల కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్లను 55.07 సెకన్లల్ల ఉరికి స్వర్ణం తెచ్చింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం గెలిచింది. ఆ సెకన్లను యంత్రం చెప్తది. ఆ బిడ్డ కల్లెడ నుంచి కోబె దాకా ఎట్ల చేరిందో తెలుసుకోవాలంటే మాత్రం మనిషే ఆ ఊరికి పోవాలె, ఆ తల్లిదండ్రుల ముచ్చట వినాలె.

రాయకపోతే ఏమైతది? రహీం సాబ్‌కు అయిందే అయితది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గ ఉన్నప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌ల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. ఈ తరానికి ఆయన పేరు చెప్పేందుకు 2024ల ‘మైదాన్’ అనే హిందీ సినిమా రావాల్సి వచ్చింది. మన చరిత్రను మనం రాసుకోకపోతే ఇంకొకరు రాసేదాకా ఎదురుచూసుడే.

ఆటంటే మైదానమొక్కటే గాదు. 2023 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీకి అప్పజెప్పింది. 2025ల పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. కోర్టు ఉత్తర్వు చదవలేనోడు, సంఘం లెక్కల పత్రం అర్థం చేసుకోలేనోడు క్రీడా విలేకరి ఎట్లయితడు? ప్రెస్‌నోట్ మోసేటోడైతడు. 2025 ఆగస్టుల ఆన్‌లైన్ మనీ గేమ్స్ మీద నిషేధ చట్టం రాంగనే టీమిండియా జెర్సీ మీదున్న కంపెనీ తప్పుకున్నది. ఒక్క చట్టంతోటి స్పాన్సర్ల పైసలు మాయమయ్యే రంగమిది. అందుకే ఒక కంపెనీని నమ్ముకునే చదువు గాదు, ఏడికి పోయినా పనికొచ్చే చదువు కావాలె.

ఉస్మానియాల జర్నలిజం శాఖ 1954ల మొదలైంది. 2024 డిసెంబర్‌ల రాష్ట్ర శాసనసభ యంగ్ ఇండియా స్పోర్ట్స్ యూనివర్సిటీ బిల్లును ఆమోదించింది. ఒకదగ్గర రాత ఉన్నది, ఇంకోదగ్గర ఆట ఉండబోతది. ఈ రెండూ కలిసి తెలుగు మాధ్యమంల క్రీడా మీడియా కోర్సు నడిపితే ఏం కష్టం? ఆర్నెల్లు తరగతి, ఆర్నెల్లు మైదానం. అప్రెంటిస్‌కు జీతం ఇవ్వాలె, ఉత్తగ పని చేయించుకునుడు బందుగావాలె. లక్షల ఫీజు గట్టే ప్రైవేటు కోర్సే దిక్కయితే ఈ కొలువులు సుత ఉన్నోళ్ల పిల్లలకే పోతయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కోర్సు వచ్చేదాకా ఆగకుండ్రి. క్రికెట్‌తోపాటు ఇంకో ఆట నియమాలు పూర్తిగ నేర్వుండ్రి. కబడ్డీ మీ ఊరి ఆటనే, 2014 నుంచి దానికి సుత ప్రో లీగున్నది. వారానికొక మ్యాచ్ వార్త రాయుండ్రి, చదివించి దిద్దించుకోండ్రి. టీవీల మ్యాచ్ క్లిప్పు మీది కాదు, దానికి హక్కుదారుడున్నడు. కానీ మీ మండల పోటీకి మీరు తీసిన వీడియో మీదే. రేపు కొలువుకు పోయినప్పుడు సర్టిఫికెట్ కంటే ముందుగాల అడిగేది దాన్నే.